సెకండ్ హ్యాండ్ క్రెటాలో ఏ సంవత్సరం బండిని నమ్మి తీసుకోవచ్చు?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. నిజాంపేటలో ఇల్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. ఇంట్లో మీరిద్దరూ, పాప, మీ అమ్మానాన్నలు. నెలకు ఒకసారి ఖమ్మం వెళ్లి రావాలి. పది లక్షలకు కాస్త అటూ ఇటూగా వాడిన హ్యుందాయ్ క్రెటా కొనాలనుకుంటున్నారు. 2015 నుంచి 2022 వరకు అన్ని సంవత్సరాల బండ్లూ కనిపిస్తున్నాయి, వాటిలో ఏ సంవత్సరానిది తక్కువ ఇబ్బంది పెడుతుంది? హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా షెడ్డు నడుపుతూ, కొనబోయేవారి తరఫున పాత బండ్లను పరీక్షించి చెప్పే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. 2018 జూన్ నుంచి 2019 చివరి వరకు తయారైన మొదటి తరం క్రెటా తీసుకోండి, అదీ 1.6 లీటర్ పెట్రోల్ ఇంజిన్‌తో. మాన్యువల్ అయినా 6 స్పీడ్ ఆటోమేటిక్ అయినా ఫరవాలేదు. బడ్జెట్‌ను కొంత పెంచుకోగలిగితే రెండో తరంలో 2021 లేదా 2022లో తయారైన 1.5 లీటర్ మామూలు (టర్బో లేని) పెట్రోల్ బండిని చూడవచ్చు. మీ వాడకానికి డీజిల్ వద్దంటాను. 1.4 టర్బో పెట్రోల్ (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం ఉన్నది) కూడా వద్దు.

ఎందుకో చెబుతాను. మొదటి తరం క్రెటా మన దేశంలో 2015 జూలైలో విడుదలైంది. అయితే అందులో పెట్టిన 1.6 పెట్రోల్, 1.6 డీజిల్ ఇంజిన్లు అప్పటికి కొత్తవి కావు, 2011 నుంచి హ్యుందాయ్ వారి మరో కారు వెర్నాలో ఇదే కుటుంబానికి చెందిన ఇంజిన్లు నడుస్తున్నాయి. 2018 మేలో బండి ముఖం మార్చారు, గ్రిల్ మారింది, పై వేరియంట్లకు సన్‌రూఫ్ వచ్చింది, లోపల కొన్ని సదుపాయాలు చేరాయి. ఇంజిన్లు మాత్రం అవే కొనసాగాయి. అంటే 2018 మధ్యలో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చిన బండి వెనుక, అదే యంత్రాంగాన్ని మూడేళ్ల పాటు క్రెటాలోనూ అంతకుముందు మరో నాలుగేళ్లు వెర్నాలోనూ తయారు చేసిన అనుభవం ఉంది. పెట్రోల్ ఇంజిన్‌కు టర్బో లేదు, ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి కొట్టే అధిక పీడన పంపు లేదు, టైమింగ్‌కు బెల్టు కాకుండా చైన్ ఉంది. చెడిపోవడానికి ఆస్కారం ఉన్న ఖరీదైన భాగాలు తక్కువగా ఉండటమే పాత బండి కొనేవారికి పెద్ద రక్షణ. కూకట్‌పల్లిలోనైనా ఖమ్మంలోనైనా ఈ ఇంజిన్‌ను విప్పడం తెలిసిన మెకానిక్ దొరుకుతాడు, సామాను దొరుకుతుంది.

నా లెక్కలో ఏ మోడల్‌కైనా ఒక తరం సగం దాటిన తరువాత వచ్చిన బండ్లే సురక్షితం. కొత్త తరం మొదలైన ఏడాదిలో అమ్మిన బండ్లలో సాఫ్ట్‌వేర్ సవరణలు, చిన్న చిన్న భాగాల మార్పులు తరువాత సర్వీసులలో జరుగుతూ ఉంటాయి. అవి చేయించుకున్న ఓనర్ బండి అయితే సరే, చేయించుకోని బండి అయితే ఆ లోటు కొన్నవారి మెడకు చుట్టుకుంటుంది.

2015, 2016 బండ్లను నేను దోషమున్నవిగా చెప్పడం లేదు. వాటి సమస్య వయసు. సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగులు, కూలెంట్ గొట్టాలు, తలుపుల రబ్బర్లు వంటివన్నీ పదేళ్ల వయసులో ఒకేసారి మార్పు కోరతాయి, చూపిన ధరకు ఆ ఖర్చు కలిపితే తేడా పెద్దగా మిగలదు. పైగా ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకే చెల్లుతుంది. 2015 బండికి 2030లో ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 2019 బండికి ఆ పని 2034 దాకా రాదు.

ఇక్కడ హైదరాబాద్ వాళ్లు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉంది. ఢిల్లీ పరిసరాలలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లపై ఏళ్ల తరబడి ఆంక్షలు ఉంటూ వచ్చాయి. అందువల్ల ఆ వయసుకు చేరువైన డీజిల్ బండ్లు అక్కడ చవకగా అమ్ముడై దక్షిణాదికి వస్తూ ఉన్నాయి. అవి ఇక్కడికి వచ్చాక మళ్లీ రిజిస్టరై మన నంబరు తగిలించుకుంటాయి. తెలంగాణలో టీజీ అక్షరాలతో నంబర్లు 2024 మార్చి నుంచి మాత్రమే ఇస్తున్నారు. కాబట్టి 2018 మోడల్ బండికి టీజీ నంబరు ఉందంటే అది మొదట మరో రాష్ట్రంలో తిరిగి, తరువాత ఇక్కడికి వచ్చిందని అర్థం. మొదటి నుంచి హైదరాబాద్‌లోనే ఉన్న 2018 బండి టీఎస్ నంబరుతోనే ఉంటుంది. బయటి నుంచి వచ్చినంత మాత్రాన బండి చెడ్డది కాదు. కానీ ‘‘సార్, ఇది మొదటి నుంచీ మన సిటీ బండే’’ అని అమ్మేవారు చెబుతూ ఉంటే, ఆ రెండు అక్షరాలు వారి మాటను అక్కడికక్కడే తేల్చేస్తాయి.

2020 అని రాసి ఉన్న ప్రకటనల దగ్గర చాలా జాగ్రత్త. ఆ ఒక్క సంవత్సరం అంకె కింద రెండు వేర్వేరు బండ్లు అమ్ముడవుతున్నాయి. రెండో తరం క్రెటా 2020 మార్చిలో వచ్చింది. ఆ మరుసటి నెల, ఏప్రిల్ 1 నుంచి, బీఎస్ 6 అనే కొత్త పొగ కాలుష్య ప్రమాణాలు అమలయ్యాయి. అంతకుముందటి ప్రమాణమైన బీఎస్ 4 కింద తయారై మిగిలిపోయిన బండ్లను అంతకుముందు నెలల్లో డిస్కౌంట్లు ఇచ్చి అమ్మేశారు. అలా 2019లో తయారై 2020 జనవరిలోనో ఫిబ్రవరిలోనో రిజిస్టరైన పాత తరం బండిని ‘‘2020 మోడల్’’ అని చెప్పి ఎక్కువ ధర అడుగుతారు. దాన్ని కొనవద్దని కాదు, నేను పైన మెచ్చుకున్న బండే అది. 2019 బండికి ఇవ్వవలసిన ధరే దానికి ఇవ్వండి.

తయారైన నెల, సంవత్సరం ఆర్సీలోనే ఉంటాయి. దానితో సరిపెట్టకుండా 17 అక్షరాల ఛాసిస్ నంబరులో ఎడమ నుంచి పదో అక్షరం చూడండి. హ్యుందాయ్ బండ్లలో అది మోడల్ సంవత్సరాన్ని చెబుతుంది. జి అంటే 2016, హెచ్ అంటే 2017, జె అంటే 2018, కె అంటే 2019, ఎల్ అంటే 2020, ఎమ్ అంటే 2021, ఎన్ అంటే 2022. ఐ అక్షరాన్ని ఒకటి అంకెతో పొరబడతారని వాడరు, అందుకే హెచ్ తరువాత నేరుగా జె వస్తుంది. ఆర్సీలోని ఛాసిస్ నంబరును బండి మీద చెక్కిన నంబరుతో అక్షరం అక్షరం కలిపి చూడండి.

ఇక డీజిల్ ఎందుకు వద్దన్నానో చెప్పాలి. 1.6 డీజిల్ 128 పీఎస్ శక్తి ఇచ్చే మంచి ఇంజిన్. నెలకు 1,500 కిలోమీటర్లకు పైగా, అందులో సగానికి పైగా హైవే మీద తిరిగే కుటుంబమైతే నేనే దాన్ని తీసుకోమని చెబుతాను. మీ వాడకం అలా లేదు. నిజాంపేట నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లే దారిలో జేఎన్‌టీయూ దగ్గర, హైటెక్ సిటీ దగ్గర మొదటి గేరు, రెండో గేరు తప్ప మూడోది పడే సందర్భం తక్కువ. ఇలాంటి నడకలో డీజిల్ ఇంజిన్‌లో మసి పేరుకుంటుంది, పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు మూసుకుపోతుంది. బీఎస్ 6 డీజిల్ అయితే పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి జల్లెడ కూడా ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే కొంతసేపు ఆగకుండా, ఒక మోస్తరు వేగంతో బండి పరుగెత్తాలి. నెలకు ఒక్కసారి ఖమ్మం ప్రయాణం దానికి చాలకపోవచ్చు. డీజిల్ మీద ఆదా అయ్యే డబ్బు ఒక్క డీపీఎఫ్ రిపేరుతో తుడిచిపెట్టుకుపోతుంది.

1.4 టర్బో పెట్రోల్ నడపడానికి ఎంతో ఉత్సాహంగా ఉంటుంది. దానికి జత చేసిన 7 స్పీడ్ డీసీటీ అనే ఆటోమేటిక్ గేరు పెట్టెలో రెండు పొడి క్లచ్‌లు ఉంటాయి. నూనెలో మునిగి ఉండని క్లచ్‌కు చల్లబడే అవకాశం తక్కువ. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం కదిపే కొద్దీ క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. ముందు ఓనర్ దాన్ని పద్ధతిగా వాడాడో, బ్రేకు మీద కాలు వదిలీ వదలకుండా పాకించాడో బయటి నుంచి తెలుసుకోవడం కష్టం. వారంటీ లేని వయసులో ఆ భారం నెత్తిన వేసుకోవద్దు. 2023 నుంచి ఈ ఇంజిన్ క్రెటాలో లేదు.

1.5 మామూలు పెట్రోల్‌కు వచ్చే ఐవీటీ ఆటోమేటిక్ (మెట్లుమెట్లుగా గేర్లు మారని రకం) సిటీకి హాయిగా ఉంటుంది. ఒక విషయం గుర్తుంచుకోండి, 2023 ఫిబ్రవరి, జూన్ నెలల మధ్య తయారైన 1.5 పెట్రోల్ ఐవీటీ బండ్లను ఎలక్ట్రానిక్ ఆయిల్ పంపు కంట్రోలర్ విషయమై 2024లో కంపెనీ వెనక్కి పిలిచింది. మీరు చూసే సంవత్సరాలు దానికి ముందువే అయినా, బేరంలో 2023 బండి ఎదురైతే ఆ పని పూర్తయిందో లేదో ఛాసిస్ నంబరు చెప్పి సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి.

పాప, పెద్దవాళ్లు ప్రయాణించే బండి కాబట్టి భద్రత గురించి కూడా ఒక మాట. 2019 జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వేగం హెచ్చరిక, వెనుక పార్కింగ్ సెన్సర్లు అన్ని కార్లకూ తప్పనిసరి అయ్యాయి. మొదటి తరంలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఎస్‌ఎక్స్ ఆప్షనల్ వేరియంట్‌లో ఉంటాయి, ధర అందితే అదే చూడండి. రెండో తరం బండికి 2022లో కార్లను ఢీకొట్టించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఐదింటికి 3 స్టార్లు వచ్చాయి. కొత్త తరమైనంత మాత్రాన ఈ విషయంలో ఎంతో ముందుందని అనుకోనక్కర లేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ ఆందోళన పడే విషయానికి వస్తాను. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్‌కు ముందు రిజిస్టరైన ఏ బండినైనా మునిగిందేమో అన్న అనుమానంతోనే చూడాలి. ఆ నెల 13వ తేదీ రాత్రి కురిసిన వానకు టోలిచౌకి, ఎల్బీనగర్, సరూర్‌నగర్ వైపు ఎన్నో కాలనీలలో కార్లు సీట్ల ఎత్తు దాకా నీళ్లలో నిలిచాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు పూర్తి నష్టం కింద తీసుకున్నవి కొన్ని, బాగు చేయించి రోడ్డెక్కించినవి కొన్ని. నేను తీసుకోమంటున్న 2018, 2019 బండ్లు సరిగ్గా ఆ రోజుకు ఏడాది, రెండేళ్ల వయసువి.

ఈ మధ్య ఒకాయన 2018 పెట్రోల్ బండిని అడ్వాన్స్ ఇచ్చే ముందు నా దగ్గరికి తెచ్చారు. ఇంజిన్ చప్పుడు లేదు, పెయింట్ అద్దంలా ఉంది, లోపల కొత్త సీటు కవర్లు వేసి ఉన్నాయి. వెనుక సీటు బెల్టును చివరి వరకు బయటికి లాగాను. మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు. చివరి జానెడు పట్టీ మీద మట్టి రంగు చార కనిపించింది. తరువాత ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల బోల్టులు చూస్తే తుప్పు గరుకుగా వేలికి తగిలింది. కార్పెట్ అంచు ఎత్తితే పైభాగం ఉతికి ఉంది కానీ కింది దూది పొరలో ఎండిన ఒండ్రు పొడిగా రాలింది. డాష్‌బోర్డు కింద ఫ్యూజుల పెట్టె దగ్గర కనెక్టర్ల పిన్నుల మీద ఆకుపచ్చ పొక్కు ఉంది. సర్వీస్ రికార్డు తెప్పిస్తే 2020 నవంబర్‌లో పెద్ద ఇన్సూరెన్స్ పని జరిగినట్టు ఉంది. అలాంటి బండి ఈ రోజు బాగానే నడుస్తుంది. రెండేళ్లకో మూడేళ్లకో ఒక్కొక్క వైరు లోపల తుప్పు పట్టి, ఒక రోజు పవర్ స్టీరింగ్ హెచ్చరిక, మరో రోజు ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతాయి. ఏ మెకానిక్ కూడా ఒక్కసారికి తేల్చలేడు. ఆయన ఆ బండిని వదిలేశారు.

అందుకే సంవత్సరం గురించి ఇంత చెప్పినా, ఒకే ఓనర్ చేతిలో పద్ధతిగా సర్వీసైన 2017 బండి, నీళ్లలో నిలిచిన 2019 బండి రెండూ ఎదురుగా ఉంటే క్షణం ఆలోచించకుండా 2017 బండినే తీసుకోండి.

మీటర్ వెనక్కి తిప్పడం రెండో బెడద. మీటరులో 38,000 చూపిస్తున్న ఒక బండికి, అంతకు రెండేళ్ల ముందటి సర్వీస్ కాగితంలో 71,000 నమోదై ఉండటం చూశాను. సర్వీస్ సెంటర్ రికార్డులో ప్రతి రాకకూ తేదీ, కిలోమీటర్లు ఉంటాయి. ఓనర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి ఆ ప్రింటు తీయించండి, తీయించడానికి ఇష్టపడని ఓనర్‌తో బేరం అక్కడితో ఆపండి. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు కూడా సాక్ష్యం చెబుతాయి. 1819 అని ఉంటే 2019లో 18వ వారం తయారైన టైరు. నలభై వేల లోపే తిరిగిందని చెప్పే బండికి నాలుగు టైర్లూ కొత్తవి ఎందుకున్నాయో అడగండి. బ్రేకు పెడల్ రబ్బరు గీతలు అరిగి నున్నబడ్డాయా, స్టీరింగ్ పైభాగం మెరుస్తోందా, డ్రైవర్ సీటు తలుపు వైపు అంచు నలిగిందా చూడండి.

ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ శాతం చూస్తే, ఇటీవల క్లెయిమ్ జరిగిందో లేదో తెలుస్తుంది. సున్నా ఉంటే గత ఏడాదిలో ఏదో జరిగి ఉండవచ్చు. 50 శాతం ఉంటే మంచి సూచనే, కానీ ఆ బోనస్ ఓనర్‌ది, బండిది కాదు. తన పాత కారు నుంచి తెచ్చుకుని ఈ బండికి పెట్టుకుని ఉండవచ్చు. కాబట్టి దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని నమ్మకండి. ట్రాఫిక్ చలానాలు కూడా చూడండి. కట్టవలసిన డబ్బు లెక్క కోసమే కాదు, చలానాలోని ఫొటో, చోటు, తేదీ చూస్తే బండి ఎక్కడ ఎలా తిరిగిందో కొంత అంచనాకు వస్తుంది.

మన ఊరి నీటి గురించి కూడా చెప్పాలి. రేడియేటర్‌లో కూలెంట్ తగ్గితే బోరు నీళ్లు పోసే అలవాటు చాలామందికి ఉంది. ఆ నీటిలోని లవణాలు లోపల పొరకట్టి, రేడియేటర్‌ను, వాటర్ పంపును తినేస్తాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మూత తీసి చూడండి. కూలెంట్ దాని అసలు రంగులో ఉండాలి. తుప్పు రంగులో, మూత అంచున తెల్లటి పొడితో కనిపిస్తే ధర తగ్గించమని అడగడం కంటే మరో బండి చూసుకోవడం మేలు.

నడిపి చూడటానికి పొద్దున్నే వెళ్లండి. మీరు వచ్చేవరకు ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పండి. చల్లని ఇంజిన్ మొదటి నిమిషంలో చేసే చప్పుడు తరువాత వినపడదు. కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద అద్దాలు దించి, పాటలు ఆపి, మెల్లగా ఎక్కించి దించితే సస్పెన్షన్ చప్పుళ్లు తెలుస్తాయి. ఫ్లైఓవర్ ఎక్కుతూ నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. ఇంజిన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టే. ఆటోమేటిక్ అయితే అరగంట ట్రాఫిక్‌లో తిప్పి బాగా వేడెక్కాక పార్కు నుంచి డ్రైవ్‌కు, డ్రైవ్ నుంచి రివర్స్‌కు మార్చి చూడండి. ఆలస్యం, కుదుపు ఉండకూడదు. ఏసీని మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపి పరీక్షించాలి, వెనుక సీట్లో మీ అమ్మగారిని కూర్చోబెట్టి.

పెట్రోల్ తీసుకోమన్నాను కాబట్టి ఇథనాల్ గురించి మీకు సందేహం రావచ్చు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు అనువైన భాగాలతో కార్లు రావడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది, 2019 బండి అంతకుముందుది. మైలేజీ కొంత తగ్గుతుంది. ఇంధనం గొట్టాలను, వాటి రబ్బరు జాయింట్లను ప్రతి సర్వీసులోనూ చూపించుకుంటూ, ఫ్యూయల్ ఫిల్టర్‌ను నిర్లక్ష్యం చేయకుండా ఉంటే నడుపుకోవచ్చు.

కాగితాల విషయానికొస్తే, ఏపీ నంబరు బండి కొంత తక్కువకు దొరుకుతుంది. హైదరాబాద్‌లో ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చి, ఇక్కడ బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం ధరకు కలిపాకే చవకో కాదో తేల్చుకోండి. బ్యాంకు లోను ఉన్న బండి అయితే అది తీరినట్టు కాగితం వచ్చి, ఆర్సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు నమోదు) తొలగిన తరువాతే పూర్తి డబ్బు ఇవ్వండి. బండిని మీ పేరు మీదికి మార్చడానికి వాడే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు మీ ఎదుటే జరగాలి. బండి మీ చేతికి వచ్చిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మీ పేరు మీదికి మార్పించుకోండి. బండి తెచ్చుకున్న వారంలోనే ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించి, ఆ రోజు మీటరులో ఉన్న కిలోమీటర్లను ఒక పుస్తకంలో రాసుకోండి. పాత ఓనర్ ఏమి చెప్పినా మీ సర్వీసు లెక్క అక్కడి నుంచే మొదలు కావాలి.